పాత బావిలో దిగేముందు: చేయవలసినవి - చేయకూడనివి

ఎండలు ముదిరాయంటే ఊళ్లలో పాత బావుల పూడికతీత మొదలవుతుంది. మోటారు జారిందనో, మేకపిల్ల పడిందనో కూడా దిగుతుంటారు. దిగిన మనిషి కాసేపటికి పలకడు. ఏమైందో చూద్దామని ఇంకొకరు దిగుతారు, ఆయనా పలకడు. బావిలో మోకాలి లోతు నీళ్లయినా ఉండవు. అక్కడ ప్రాణం తీసేది గాలి.

బోర్లు పెరిగి భూగర్భజలం లోతుకు పోయాక చేదబావులు చాలా ఎండిపోయాయి. ఒకప్పుడు నీరున్న మట్టి, మొరం, రాతి పగుళ్లలో ఇప్పుడు గాలి నిండింది. చెట్ల వేళ్లు, సూక్ష్మజీవులు అందులోని ఆక్సిజన్ వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పైగాలిలో 0.04 శాతమే ఉండే ఈ వాయువు నేలలో 1 శాతం ఉండటం మామూలే, ఒక్కోచోట 10 శాతానికీ చేరుతుంది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి బావి అడుగున పేరుకుంటుంది.

ఈ గాలి ఒకచోట ఉండదు. బయట వాయుపీడనం తగ్గితే నేలలోంచి బావిలోకి వస్తుంది, పెరిగితే వెనక్కి పోతుంది. మన దగ్గర రోజూ ఉదయం 10 గంటల ప్రాంతంలో పీడనం ఎక్కువ, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువ. వాయుగుండం పడితే ఇంకా తగ్గుతుంది. పైగా వేసవి పగటిపూట చల్లగాలి అడుగున, వేడిగాలి పైన ఉండి రెండూ కలవవు. నిన్న క్షేమంగా దిగి వచ్చిన బావి ఈ రోజూ క్షేమమని చెప్పలేం.

చేయవలసినవి

• దిగకుండా పని జరిగే దారి ముందు చూడండి. బకెట్టుకైతే పాతాళగరిగె చాలు.

• గ్యాస్ మీటరును తాడుకు కట్టి దించండి. ఒక్కో మీటరు లోతు దిగాక దాన్ని ఆపి, రెండేసి నిమిషాలు ఆగి, అంకెలు చూడండి. అడుగు దాకా చూడాల్సిందే. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గితే దిగవద్దు.

• కార్బన్ డయాక్సైడ్‌ను కూడా చూపే మీటరే అడగండి. మామూలు నాలుగు వాయువుల మీటర్లు దాన్ని చూపవు. గాలిలో ఆ వాయువు 5 శాతం వచ్చి కలిసినా ఆక్సిజన్ 20.9 నుంచి 19.9కే తగ్గుతుంది. మీటరు మోగదు. కానీ 4 శాతం కార్బన్ డయాక్సైడే ప్రాణాపాయం.

• బ్లోయరు గొట్టాన్ని అడుగు దాకా దించి మంచిగాలి పంపండి. మనిషి పైకి వచ్చేదాకా అది ఆగకూడదు.

• ఛాతీకి, తొడలకు పట్టీలుండే బెల్టు వేసి మోకు కట్టండి. పైన గిలక, లాగగల మనుషులు సిద్ధంగా ఉండాలి.

• దిగిన మనిషిని పలకరిస్తూనే ఉండండి. జవాబు ఆలస్యమైనా, ఆయాసం, తలనొప్పి, కళ్లు తిరగడం అన్నా వెంటనే పైకి లాగండి.

చేయకూడనివి

• లాంతరు వెలుగుతోందని దిగకండి. ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి పడిపోతే గానీ దీపం ఆరదు, మనిషికి ముప్పు అంతకు ముందే వస్తుంది. మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది.

• వేపమండ ఆడించి, నాలుగు బిందెలు నీళ్లు గుమ్మరించి సరిపెట్టుకోకండి. గాలి కాస్త కదులుతుంది, నేలలోంచి మళ్లీ వస్తుంది.

• డీజిల్ ఇంజన్‌ను బావిలోకి దించకండి, గట్టు మీదా పెట్టకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

• కుళ్లిన గుడ్డు వాసన పోయిందని ధైర్యపడకండి. నల్లబురద తొక్కినప్పుడు బుడగలుగా వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుంది, వాసనే తెలియదు.

• ముక్కుకు తడిగుడ్డ, మాస్కు కట్టుకుని దిగకండి. లేని ఆక్సిజన్‌ను అవి తేలేవు.

• ముసురు పట్టిన రోజున, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు దిగకండి.

లోపల మనిషి పడిపోతే

ఎవరూ దిగవద్దు. మోకు కట్టి ఉంటే లాగండి, బ్లోయరుతో గాలి పంపండి, 101కి, 108కి ఫోన్ చేయండి. ఇలాంటి ఇరుకు చోట్ల జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవారివేనని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. పైకి తీశాక ఊపిరి లేకపోతే, తెలిసినవారు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

వాడుకలో లేని బావికి గట్టి ఇనుప మూత వేయించండి, లేదా పూడ్పించండి. పూడికతీతకు కూలి మాట్లాడుకునేటప్పుడే మీటరు, బ్లోయరు అద్దె కూడా మాట్లాడుకోండి. అవి దొరకకపోతే పని వాయిదా వేయండి.