మన పిల్లలకు ఆదర్శం ఎవరు?



"మా అబ్బాయి పైకి రావాలి, ప్రార్థించండి ఫాదర్" అని ఎందరో తల్లిదండ్రులు అడుగుతుంటారు. కోరిక మంచిదే. కాని పైకి రావడమంటే ఏమిటి? ర్యాంకా, జీతమా, సొంత ఇల్లా? ఈ ప్రశ్నకు ఇంట్లో జవాబు దొరకకపోతే, రోడ్డు మీది హోర్డింగే పిల్లలకు జవాబు చెబుతుంది. అక్కడ ఫోటో ఉంటుంది, మార్కులు ఉంటాయి. ఆ మనిషి ఎలా బ్రతికాడన్నది మాత్రం ఉండదు.

ఈ ప్రశ్న ఎంత బరువైనదో నాంపల్లి చూసింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల్లో తప్పులు జరిగాయంటూ తల్లిదండ్రులు, విద్యార్థులు నాంపల్లిలోని బోర్డు కార్యాలయం ముందు ఆవేదనతో నిలబడ్డారు. బిడ్డలను పోగొట్టుకున్నవారిని నిందించడం మన పని కాదు. ఇకముందు మన ఇళ్ళల్లో ఏమి చేయాలన్నదే ఆలోచించుదాం.

ఆబిడ్స్‌లో, నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద 'గోల్డెన్ త్రెషోల్డ్' అనే పాత భవనం ఉంది. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాలు అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారి ఇల్లు అది. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు పన్నెండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసైంది. ఆమె గణితంలోనో, విజ్ఞానశాస్త్రంలోనో గొప్ప పేరు తేవాలని తండ్రి ఆశించారు. ఆమె మనసు కవిత్వం మీదికి పోయింది. నిజాం ఇచ్చిన వేతనంతో 1895లో ఇంగ్లాండుకు వెళ్ళి, 1898లో పట్టా లేకుండానే తిరిగివచ్చింది.

ఈనాటి కొలత ప్రకారం చూస్తే ఆమె ఓడిపోయినట్టే కదా! కాని ఆమె 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలైంది. 1930లో ధరాసనా ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించి జైలుకు వెళ్ళింది. 1947లో ఉత్తరప్రదేశ్ ప్రాంతానికి గవర్నరైంది. పట్టా ఇవ్వని ధైర్యం ఎక్కడినుండి వచ్చింది? ఆమె నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే, 1883లో, చాందా రైల్వే పథకాన్ని ప్రశ్నించినందుకు తండ్రిని హైదరాబాదు నుండి బహిష్కరించారు. తర్వాత ఆయన తిరిగివచ్చారు. న్యాయమనిపించిన మాటకు మూల్యం చెల్లించిన తండ్రి ఉన్న ఇంట్లో ఆమె పెరిగింది. ఆమె కుమార్తె పద్మజా నాయుడు ఆ ఇంటిని చదువుకే అప్పగించారు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే.

ఆదర్శ వ్యక్తిని ఎంచుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. నష్టం వచ్చినప్పుడు ఆయన ఏమి చేశాడు? ఆయన శ్రమవల్ల ఎవరికి మేలు జరిగింది? ఆయన చేసినదానిలో కొంతైనా రేపు ఉదయం మనం చేయగలమా? మూడవ ప్రశ్న ముఖ్యమైనది. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ మనిషి న్యాయవంతుడవుతాడని అరిస్టాటిల్ బోధించాడు. పునీత తోమాసు అక్వినాసు గారు కూడా సుగుణాన్ని మంచి అలవాటుగానే వివరించారు. అలవాటు ఉపన్యాసంతో రాదు. చూసి, చేసి నేర్చుకోవాలి. అప్పు ఇచ్చినవాడు తలుపు తడితే "నాన్న లేడని చెప్పు" అని పిల్లవాణ్ణి పంపే ఇంట్లో, సత్యం గురించి ఎన్ని నీతికథలు చెప్పినా నిలవవు.

ఆబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీలో మన కథెడ్రల్ పునీత జోజప్పగారి పేర వెలసింది. సువార్తలలో ఆయన పలికిన మాట ఒక్కటీ లేదు. ఆయన లేచాడు, నడిచాడు, పనిచేశాడు, తల్లీబిడ్డలను కాపాడాడు. యేసుబాలుడు పెరిగింది ఆ వడ్రంగి చేతులను చూస్తూనే.

ఈ వారం ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక టీవీ, ఫోను పక్కన పెట్టండి. "నీకు ఎవరిలా బ్రతకాలని ఉంది? ఎందుకు?" అని పిల్లలను అడగండి. వారు ఎవరి పేరు చెప్పినా వెంటనే మందలించవద్దు. పై మూడు ప్రశ్నలు కలిసి వేసుకోండి. చివరగా, పరీక్షలు దగ్గరపడేదాకా ఆగకుండా ఈ మాట చెప్పండి: "నీకు ఎన్ని మార్కులు వచ్చినా రాకపోయినా, ఈ ఇంటి తలుపు నీకు తెరిచే ఉంటుంది." ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పే తల్లిదండ్రులే బిడ్డకు మొదటి ఆదర్శం.