పిట్టకు తెలిసిన కాలం

పాఠ్యభాగం: యిర్మీయా 8:4–7

టెక్సాస్‌లో ఉంటున్న మీరు ఫిబ్రవరిలో ఒకసారి తలెత్తి చూడండి. పార్కుల్లో ఎత్తైన స్తంభాలకు సొరబుర్రల్లాంటి తెల్లని గూళ్లు వేలాడుతుంటాయి. వాటి చుట్టూ ముదురు నీలం నిగనిగలతో తిరిగే పిట్టలు పర్పుల్ మార్టిన్లు. మన బైబిలులోని మంగలకత్తి పిట్టకు ఇవి చుట్టాలే. చలికాలం దక్షిణ అమెరికాలో గడిపి, వేల మైళ్లు ఎగిరి వస్తాయి. రాకీ పర్వతాలకు తూర్పున ఇవి దాదాపుగా మనుషులు పెట్టిన గూళ్లలోనే పిల్లలను పెంచుతాయి.

ముందుగా వచ్చేవి వయసు మళ్లిన పిట్టలు. నిరుడు కాపురమున్న చోటికే చేరాలని త్వరపడతాయి. అందులో ప్రాణాపాయం ఉంది. ఎగిరే పురుగులే వాటి ఆహారం. చలి మళ్లీ వచ్చి కొన్నాళ్లు వదలకపోతే ఆకలితో చనిపోతాయి. అయినా ఆలస్యం చేయవు.

ఆఫ్రికా, యూరప్‌ల మధ్య వలస పక్షుల దారి ఇశ్రాయేలు దేశం మీదుగా పోతుంది. ఏటా వసంతంలో కొంగల గుంపులు అక్కడివారికి కనిపించేవే. అందుకే యిర్మీయా ఆ పక్షులనే సాక్షులుగా నిలబెట్టాడు. 4, 5 వచనాలు చదవండి. అక్కడి మాట తిరిగి రావడం గురించే. పిట్టలు కాలమెరిగి తిరిగి వచ్చాయి, ప్రజలు రమ్మన్నా రాలేదు.

మార్చి చివరికి రోడ్ల పక్కన బ్లూబానెట్లు పూస్తాయి. 1901 నుండి ఇది టెక్సాస్ రాష్ట్ర పుష్పం. పిల్లలను వాటి మధ్య కూర్చోబెట్టి ఫోటోలు తీస్తాం. కాని ఆ పువ్వు పని మార్చిలో మొదలు కాలేదు. ముందటి సంవత్సరం చలి రాకముందే మొలకెత్తి, శీతకాలమంతా నేలనంటుకుని, ఎవరికీ కనబడకుండా వేరు పెంచుకుంది.

మనమో? “గ్రీన్ కార్డు వచ్చాక అమ్మ దగ్గరికి వెళ్దాం.” “ముందు తమ్ముడే ఫోన్ చేయాలి.” “పిల్లలు పెద్దయ్యాక కుటుంబ ప్రార్థన మొదలుపెడదాం.” వీసా చిక్కులు నిజమే, ప్రయాణం మన చేతిలో లేకపోవచ్చు. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది. అమ్మ వయసు మన కాగితాల కోసం ఆగదు.

ఇంటిల్లిపాదీ ఆలోచించండి:

1. దేవుని దగ్గరికి, మనవారి దగ్గరికి నేను వాయిదా వేస్తున్న తిరుగు ప్రయాణం ఏది?

2. తిరిగి రావాలనుకునే వారికోసం నా ఇంట గూడు సిద్ధంగా ఉందా?

3. ఈ వారంలోనే చేయగల మొదటి పని ఏమిటి? ఎవరికి, ఏ రోజున?