తీర్పు తర్వాత 30 రోజులు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 24:27 – 25:16



పౌలు మీద మోపిన నేరాలు రుజువు కాలేదు. అయినా ఫేలిక్సు అతన్ని రెండేళ్లు కైసరయలో చెరలోనే ఉంచాడు. తర్వాత వచ్చిన ఫేస్తు, యూదులను మెప్పించాలని, విచారణ యెరూషలేములో జరుపుదామా అన్నాడు. పౌలు "దేవుడే చూసుకుంటాడు" అని ఊరుకోలేదు. రోమా పౌరుడిగా తనకున్న హక్కుతో కైసరుకే చెప్పుకుంటానన్నాడు. మరణానికి తగిన తప్పు చేసి ఉంటే చావుకు వెనుదీయననీ అన్నాడు. కాబట్టి అప్పీలు అవిశ్వాసం కాదు, శిక్ష తప్పించుకునే ఎత్తూ కాదు. నిజం వినమని అడగడమే.

సౌదీ అరేబియాలో ఉంటున్న మనకు ఈ పాఠం చాలా దగ్గరిది. అక్కడి కోర్టు భాష అరబ్బీ. నిందితుడు లాయరును పెట్టుకోవచ్చు. అరబ్బీ రానివారికి దుబాసీని ఇవ్వాలి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం తన దేశపు ఎంబసీకి కబురు చేయమని అడగవచ్చు. అప్పీలుకు గడువు 30 రోజులు. మరణశిక్ష అయితే ఎవరూ అడగకపోయినా అప్పీలు కోర్టు, సుప్రీం కోర్టు పరిశీలించాలి. ఆపైన రాజాజ్ఞ కావాలి. ముగిసిన పాత కేసులో కూడా, దొంగ సాక్ష్యం మీద శిక్ష పడిందని తేలితే, మళ్లీ విచారించమని కోరవచ్చు.

కోళికోడ్‌కు చెందిన ఒక డ్రైవరు 2006లో రియాద్‌లో అరెస్టయ్యాడు. మరణశిక్ష పడింది. 2024లో మలయాళీలు 34 కోట్ల రూపాయలు పోగుచేశారు; బాధిత కుటుంబం క్షమించడంతో ఆ శిక్ష రద్దయింది. అయినా వెంటనే ఇంటికి రాలేదు. కుటుంబం తన హక్కు వదులుకున్నా, ప్రభుత్వం తరఫు కేసు మిగిలే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బీదవాడని పక్షపాతం చూపవద్దు, గొప్పవాడని అభిమానం చూపవద్దు అని లేవీయకాండము 19:15 నేర్పుతుంది. మనవాడు కాబట్టి నిర్దోషి అనలేము. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబానికీ న్యాయం కావాలి. మనం అడగవలసింది ఒక్కటే: ఇరువైపులా విన్నారా?

అందుకే చెరలో ఉన్న సహోదరుని కోసం ప్రార్థిస్తూనే, తీర్పు కాపీ ఏ తేదీన అందిందో కనుక్కోండి. అరబ్బీ తెలిసినవారితో అర్థం చెప్పించండి. ఊళ్లో ఉన్న ఇంటివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గడువు దాటాక కార్చే కన్నీళ్లకంటే గడువులోపు పెట్టే దరఖాస్తు మేలు.

ఆలోచించండి: మన సహవాసంలో ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే, మొదటి వారంలో ఎవరు ఏ పని చేస్తారు?