నలుగురు మోసిన పరుపు

చదువవలసిన భాగములు: మార్కు 2:1–12, యోహాను 5:1–9, గలతీయులకు 6:2

పాఠసారము: ఇంటిలో దీర్ఘవ్యాధి ఉన్నప్పుడు ఆ భారము ఒక్కరిది కాదు; ఇంటివారందరిది, సంఘమంతటిది.

సువార్తలలో కదలలేని ఇద్దరు మనుష్యులను మనము చూచుచున్నాము. ఒకడు కపెర్నహూములో ఉన్నాడు. అతనికి నలుగురు మనుష్యులున్నారు. ఇల్లు జనముతో నిండి, వాకిట చోటు లేకపోయినను వారు వెనుదిరుగలేదు. ఇంటికప్పు విప్పి, అతనిని పరుపుతోకూడ ప్రభువు ఎదుట దింపిరి. రెండవవాడు యెరూషలేములో బేతెస్ద కోనేటియొద్ద ఉన్నాడు. అతడు 38 ఏండ్లు వ్యాధితో నుండెను. బాగుపడవలెనని కోరికయున్నదా అని ప్రభువు అడిగినప్పుడు, అతడు తన బాధను చెప్పలేదు. తనను నీటిలోనికి దింపుటకు మనిషి లేడని చెప్పెను.

ఒకనికి నలుగురు. మరియొకనికి ఒక్కడును లేడు. మన సంఘములలో మంచమున పడిన వారి యిండ్లను తలంచుకొందము. వాటిలో కపెర్నహూమువంటి వెన్ని, బేతెస్దవంటి వెన్ని? ఈ నెల పాఠములో పక్షవాతమును ఉదాహరణగా తీసికొందము. ఏలయనగా అది ఒక్క ఘడియలో ఒక్క మనిషిమీద పడి, ఏండ్లతరబడి ఇంటిల్లిపాదిని కట్టివేయు వ్యాధి.

1. ఎవరి పాపమిది?

రోగము ప్రవేశించిన ఇంటిలో రోగితోపాటు ఈ ప్రశ్నయు ప్రవేశించును. ఇరుగుపొరుగువారు దిష్టియందురు, చేతబడియందురు. క్రైస్తవులమైన మనము ఆ మాటలను విడిచితిమని చెప్పుకొనుచునే, ప్రార్థన తగ్గించిరి గనుక వచ్చెననియు, దశమభాగము మానిరి గనుక వచ్చెననియు పలుకుచున్నాము. మాట మారినది గాని గాయము ఒక్కటే.

యోహాను 9వ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇదే ప్రశ్న అడుగగా, ప్రభువు అతని పాపమును గాని తలిదండ్రుల పాపమును గాని కారణముగా చూపలేదు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండినప్పుడు మంచి స్నేహితులుగానే యుండిరి. నోరు తెరచి కారణములు వెదకిన తరువాతనే దేవుడు వారిమీద కోపించవలసివచ్చెను.

కపెర్నహూములో ప్రభువు మొదట పాపక్షమాపణనే పలికెను గదా అని ఎవరైన అడుగవచ్చును. నిజమే. అయితే ఆయన ఆ మనుష్యుని ఏ పాపము చేసితివని విచారణ చేయలేదు. ఆ పాపమువలననే ఈ వ్యాధి వచ్చెనని చెప్పలేదు. క్షమాపణను వరముగా ఇచ్చెను. మనమో వరమును చేతపట్టుకొనక విచారణను చేతపట్టుకొని పోవుచున్నాము.

పక్షవాతమునకు కారణమేమనగా, మెదడునకు పోవు రక్తనాళములో నెత్తురు గడ్డకట్టి అడ్డుపడుట, లేక ఆ నాళము చిట్లుట. దీనికి దారితీయువాటిలో మొదటిది రక్తపోటు. చక్కెర వ్యాధి, చుట్ట, బీడీ, సారాయి దానికి తోడగును. ఒంట్లో బాగుగనే యున్నది గదా అని బి.పి. మాత్రలు మానివేయువారు మనలో అనేకులు. రక్తపోటు చాలమందికి ఏ బాధయు తెలియనియ్యదు. అందుచేతనే వైద్యుడు చెప్పకుండ మాత్ర మానరాదు.

2. విశ్వాసమును వైద్యమును

ఆ నలుగురు రేపు చూతమని ఇంటికి పోలేదు. పక్షవాతములో మనము నేర్చుకొనవలసిన మొదటి సంగతి ఇదియే. మూతి ఒక ప్రక్కకు వంకరపోయినను, ఒక చేయి గాని కాలు గాని పట్టు తప్పినను, మాట తడబడినను ఒక్క గడియయైన ఆలస్యము చేయరాదు. గడ్డకట్టుటవలన వచ్చిన పక్షవాతమైతే, ఆ గడ్డను కరగించు మందు కలదు. దానిని సాధారణముగా వ్యాధి మొదలైన నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. ఇయ్యవచ్చునో లేదో మెదడునకు స్కానింగు తీసిన తరువాతనే వైద్యులు తేల్చుదురు. కాబట్టి ఆ సదుపాయమున్న పెద్ద ఆసుపత్రికే తీసికొనిపోవలెను. 2005లో మొదలైన 108 అంబులెన్సు నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నది.

అయితే మన పల్లెలలో ఏమి జరుగుచున్నది? పావురమును కోసి దాని నెత్తురు కాళ్లకు చేతులకు రాచుచున్నారు. ఆకుపసరు త్రాగించుచున్నారు. ఆ సందడిలో విలువగల గంటలు గడచిపోవుచున్నవి. కొందరు విశ్వాసులు కూడ, ప్రార్థించి తెల్లవారువరకు చూతమనుచున్నారు. బండిలోనే ప్రార్థించవచ్చును, ఆసుపత్రి అరుగుమీదనే ప్రార్థించవచ్చును. దేవుడు ఆ దూరము వినలేనివాడు కాడు.

మంచి సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టెను, సత్రపువానికి సొమ్మిచ్చెను. లూకాను పౌలు వైద్యుడని ప్రీతితో పేర్కొనెను. మన తెలుగుదేశపు సంఘమునకు కూడ ఇది క్రొత్త బోధ కాదు. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు స్త్రీలకొరకు వైద్యపరిచర్య ఆరంభించి, 1898లో ఆసుపత్రి తెరచిరి. 1900లో వేలూరులో డాక్టరు ఐడా స్కడర్‌గారు ఒక్క పడకతో ఆరంభించిన పని పెద్ద వైద్యకళాశాలగా పెరిగినది. వారు ప్రార్థనను మందును రెండు పక్షములుగా చేయలేదు. మనమెందుకు చేయవలెను?

3. పరుపునకు నాలుగు మూలలు

ఆసుపత్రినుండి రోగి ఇంటికి వచ్చును. ఇక్కడనుండియే మన పాఠమునకు ముఖ్యభాగము. మొదటి వారము ఇల్లంతయు బంధువులతో నిండియుండును. పండ్లు తెత్తురు, కన్నీరు విడుతురు. నెల గడచునప్పటికి మంచమునొద్ద ఒక్కరే మిగులుదురు. అది తరచుగా భార్య, కాకున్న కోడలు. పరుపునకు నాలుగు మూలలుండగా ఒక్కతెయే నాలుగు మూలలను పట్టుకొని మోయుచున్నది.

ఒక సంఘములో ఇట్లు జరిగెను. ఒక సహోదరి మామగారు పక్షవాతముతో మూడేండ్లు మంచముమీద నుండిరి. ఆమె ఆరాధనకు రాకపోవుట చూచి భక్తి చల్లారినదని కొందరనిరి. స్త్రీల సమాజమువారు పోయి అడుగగా ఆమె, “నేనొస్తే ఈయనకు మంచినీళ్లు ఎవరిస్తారమ్మా?” అనెను. అప్పుడు సంఘపెద్దలు ఆలోచించి, ఆదివారము రెండేసి గంటలు వంతులవారీగా ఒక్కొక్క సహోదరుడు ఆ పెద్దాయనయొద్ద కూర్చుండునట్లు ఏర్పాటు చేసిరి. ఆమె గుడికి వచ్చిన మొదటి ఆదివారము ప్రసంగమంతయు నిద్రపోయెను. కొందరు నవ్విరి. ఒక పెద్ద మాత్రము, దూత ఏలీయాను లేపినది మందలించుటకు కాదు, తిండి పెట్టుటకని చెప్పి, ఆమెను నిద్రపోనిచ్చెను.

1 రాజులు 19వ అధ్యాయము చదివి చూడుడి. అలసి చావుకోరిన ప్రవక్తకు దేవుడు మొదట ఇచ్చినది నిద్రయు రొట్టెయు. ఆ తరువాతనే మాటలాడెను. రోగికి పరిచర్య చేయువారు విసుగుకొనిన యెడల, ఒక్కొక్కప్పుడు దీనికి అంతమెప్పుడని తలంచిన యెడల, వారిలో ప్రేమ లేదని తీర్పు తీర్చకుడి. వారికి మొదట కావలసినది ఉపదేశము కాదు, నిద్ర.

కాబట్టి ప్రతి ఇంటిలో నాలుగు మూలలను నలుగురు పట్టుకొనవలెను. ఒకరు చేతిపని చేయవలెను. ఒకరు వారికి విశ్రాంతి నియ్యవలెను. ఒకరు ఆసుపత్రి, మందులు, డబ్బు లెక్కలు చూడవలెను. ఒకరు వాక్యముతోను ప్రార్థనతోను ఆదరించవలెను. ఇంటిలో నలుగురు లేనియెడల మిగిలిన మూలలు సంఘముయొక్కవి. మరియు మగవారికి ఒక్క మాట: తండ్రికి స్నానము చేయించుట, బట్ట మార్చుట కోడలి పనియని దేవుని వాక్యములో ఎక్కడను లేదు. ప్రభువే నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. కుమారుడు ఆ పని చేసినయెడల తండ్రికి సిగ్గు తగ్గును, ఇల్లాలికి భారము తగ్గును. పట్టణములో ఉద్యోగము చేయు కుమారుడు నెలనెల సొమ్ము పంపుట మంచిదే. సెలవులలో వచ్చి వారము దినములు మంచముప్రక్క పండుకొనుట అంతకన్న మంచిది.

4. మంచముప్రక్క చేయదగిన పనులు

(అ) కదలలేనివారిని రేయింబగళ్లు రెండు గంటల కొకసారి ప్రక్కకు మరల్చవలెను. లేనియెడల నడుము క్రిందను తుంట్లకును మడమలకును పుండ్లు పడును. ప్రతిదినము ఆ చోట్లు చూచి, చర్మము ఎఱ్ఱబారిన వెంటనే జాగ్రత్తపడవలెను.

(ఆ) పండుకొనియున్నప్పుడు నోట నీళ్లు గాని గంజి గాని పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. లేపి నిటారుగ కూర్చుండబెట్టి కొంచెము కొంచెముగా పెట్టవలెను. తిన్న తరువాత అరగంటసేపు కూర్చుండనియ్యవలెను. మ్రింగునప్పుడు దగ్గు వచ్చినయెడల వైద్యునికి చెప్పవలెను.

(ఇ) పట్టుతప్పిన చేతిని పట్టి లాగి లేపరాదు. భుజము కీలు దెబ్బతినును. ఫిజియోథెరపీవారు నేర్పిన వ్యాయామములు మానక చేయించవలెను.

(ఈ) మాట పోయినను అర్థము చేసికొను శక్తి మిగిలియుండవచ్చును. కాబట్టి వారి తలాపున నిలువబడి వారి ఖర్చును గూర్చియు చావును గూర్చియు మాటలాడకుడి. వారితోనే మాటలాడుడి. కారణములేక ఏడ్చుట, నవ్వుట, కోపపడుట ఈ వ్యాధిలో కలుగవచ్చును. అది మొండితనము కాదు.

5. స్వస్థత రానప్పుడు

కపెర్నహూము మనుష్యుడు పరుపు నెత్తికొని నడచిపోయెను. మన యింటి మనుష్యుడు నడువకపోవచ్చును. అప్పుడు మన నలుగురి విశ్వాసము తక్కువైనదని చెప్పుదుమా? పౌలు తన ముల్లును గూర్చి మూడుసారులు వేడుకొనెను; ముల్లు పోలేదు, చాలినంత కృప దొరకెను. అదే పౌలు రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి పోవలసివచ్చెను. అపొస్తలునికే అట్లుండగా, స్వస్థత రాని యింటిని చూచి విశ్వాసము లేనివారని పలుకుటకు మనమెవరము?

అటువంటి యింటిలో బాధ తగ్గించుటయు స్వస్థపరచు పరిచర్యలో భాగమే. క్యాన్సరువంటి వ్యాధులలో తీవ్రమైన నొప్పికి వైద్యులు మార్ఫీను మాత్రలిత్తురు. 2014లో మన పార్లమెంటు మత్తుమందుల చట్టమును సవరించి, గుర్తింపుగల ఆసుపత్రులు దానిని పొందుటను సులభము చేసినది. అది మత్తుమందని భయపడి, వైద్యుడు వ్రాసినను ఇయ్యక, రోగిని రాత్రియంతయు కేకలు వేయనిచ్చుట భక్తి కాదు. వైద్యుడు చెప్పిన కొలత ప్రకారము ఇయ్యవచ్చును.

మరణము వచ్చినప్పుడు ఏడువకుడని ఎవరితోను చెప్పకుడి. లాజరును లేపబోవుచున్నానని యెరిగియుండియు ప్రభువు కన్నీరు విడిచెను. ఇశ్రాయేలీయులు మోషేకొరకు 30 దినములు దుఃఖించిరి. మనమో ఆదరణకూటము జరిపి, భోజనములు చేసి, మరుదినమునుండి ఆ యింటి త్రోవ మరచుచున్నాము. ఆ భోజనములకే అప్పు చేసిన కుటుంబములు కలవు. మందులకు సహాయము చేయని సంఘము విందుకు కూడుట తగదు.

అన్నిటికంటె, పరిచర్య చేసిన ఆ ఒక్కరిని మరువకుడి. ఏండ్లతరబడి రెండు గంటల కొకసారి లేచిన ఆమె ఇప్పుడు పనిలేకయే రాత్రి మేల్కొనును. ఇంకను బాగుగ చూచియుండవలసినదని కుమిలిపోవును. ప్రాణము కొంత తేలికపడినందుకు తన్నుతానే నిందించుకొనును. ఆమెతో, నీవు చేసినది ప్రభువుకే చేసితివని చెప్పువారు కావలెను. మత్తయి 25వ అధ్యాయములో రోగియై యుండగా తన్ను చూడవచ్చినవారిని ప్రభువు మెచ్చుకొనెను. ఒకసారి చూడవచ్చినవారికే ఆ మెప్పు కలిగినయెడల, వేయి రాత్రులు ప్రక్కనున్న దానికి ఎంత కలుగును!

ప్రభువు ఆ దినమున రోగి విశ్వాసమును మాత్రమే గాక, మోసికొనివచ్చినవారి విశ్వాసమును చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. విశ్వాసము కంటికి కనబడునా? చేతులు పరుపును పట్టుకొనినప్పుడు కనబడును. మన సంఘములో రోగియున్న ఏ యింటనైనను ఒక మూల ఖాళీగా ఉన్నదా? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే ఆ యింటికి పోవుదము.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఆరు నెలలకు మించి మంచమున నున్నవారెవరు? వారికి పరిచర్య చేయుచున్న దెవరు?
2. ఆ పరిచర్య చేయువారు చివరిసారి ఆరాధనకు వచ్చినదెప్పుడు? వారి వంతు ఎవరు తీసికొనగలరు?
3. గత సంవత్సరము మరణము జరిగిన యిండ్లకు మనము మరల ఎన్నిసారులు పోతిమి?

ప్రార్థన: ప్రభువా, మోయుటకు మనిషిలేని వారియొద్దకు నీవే నడచివచ్చితివి. మంచమున నున్నవారికి ఓర్పును, ప్రక్కనున్నవారికి నిద్రను బలమును దయచేయుము. మా చేతులను ఖాళీగా నున్న మూలకు నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.