కొండదారి దిగునపుడు: మోటారుసైకిలు గేరు, బ్రేకు

ఆరోగ్యరక్షణ యనగానే మనకు పరిశుభ్రమైన నీరు, టీకాలు, పౌష్టికాహారము జ్ఞప్తికి వచ్చును. కాని మన దేశములో వయసులో నున్న వారిని అకాలముగా పొట్టనబెట్టుకొనుచున్న కారణములలో రోడ్డు ప్రమాదములును ముఖ్యమైనవి. 2022వ సంవత్సరమున భారతదేశములో రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది, అనగా నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనములపై ప్రయాణించుచున్నవారే. పోలియో వ్యాధికి చుక్కల మందు కలదు. రోడ్డు ప్రమాదమునకు అట్టి మందు లేదు. తెలిసి నడుచుకొనుటయే దానికి మందు.

ఈ ప్రమాదములన్నియు కొండదారులలో జరుగునవి కావు. అయినను కొండ దిగునపుడు కలుగు ప్రమాదమునకు ఒక ప్రత్యేకత కలదు. నడుపువాడు మద్యము సేవించి యుండనక్కరలేదు. అతివేగముగా పోవనక్కరలేదు. బ్రేకు వదలక మెల్లగా దిగుచున్నవానికి సైతము అది సంభవింపవచ్చును. ఏలయన, పొరపాటు మలుపులో జరుగదు. అంతకు ముందే, కొండపైన గేరును ఎన్నుకొనునపుడే జరిగియుండును.

ఒక ఉదాహరణము

భార్యాభర్తలిరువురు మోటారుసైకిలుపై ఒక కొండగుడికి పోయి, దర్శనము చేసికొని, సాయంకాలము తిరుగు ప్రయాణమైరనుకొనుడు. ఎక్కునపుడు ఇంజను రొప్పినది. రెండవ గేరు వేయక తప్పలేదు. దిగునపుడు బండి తనంత తానే పోవుచున్నది గదా యని భర్త గేరు తీసి న్యూట్రలులో నుంచెను. పెట్రోలు కలిసివచ్చునని అతని తలంపు. వేగము హెచ్చకుండుటకై వెనుక బ్రేకుపై కాలు తీయకుండ దిగుచుండెను. కొంతసేపటికి కాలిన వాసన వచ్చుచున్నదని భార్య చెప్పెను. వేరొక బండిదై యుండునని అతడనుకొనెను. తరువాతి మలుపున బ్రేకును అడుగంట త్రొక్కినను బండి నిలువలేదు.

ఆ మలుపునకు అవతల పిట్టగోడ యున్నదో, లోయ యున్నదో, ఎదురుగా బస్సు వచ్చుచున్నదో అదృష్టముపై ఆధారపడియుండును. ఇరువురి ప్రాణములను అట్టి అదృష్టమునకు అప్పగింపరాదు.

బ్రేకు ఎందుకు ఓడిపోవును?

బ్రేకు చేయు పని బండి కదలికను రాపిడి ద్వారా వేడిమిగా మార్చుటయే. సమతలమైన రోడ్డుపై ఒకమారు బండిని ఆపినచో పుట్టు వేడిమి కొద్దిపాటిది. అది గాలికి చల్లారిపోవును. కొండ దిగునపుడు అట్లు కాదు. పది మీటర్లు సాగినచో ఒక మీటరు పల్లమునకు దిగు వాలును తీసికొందము. బండియు, ఇద్దరు మనుష్యులును కలిసి 250 కిలోగ్రాములున్నచో, ఒక కిలోమీటరు దిగుసరికి సుమారు 2,45,000 జౌళ్ల శక్తి వెలువడును. గాలి అడ్డగింత వలనను, టైర్ల రాపిడి వలనను అందులో నాలుగవ వంతు పోయినదనుకొన్నను, మిగిలినదానిని బ్రేకైనను మ్రింగవలెను, ఇంజనైనను మ్రింగవలెను. ఇట్లు అయిదు కిలోమీటర్లు దిగినచో, ఆ మిగిలిన శక్తి మూడు లీటర్ల చన్నీటిని కాచి మరిగించుటకు చాలును.

అరచేతికన్న కొంచెము పెద్దదైన బ్రేకు డ్రమ్ము ఒక్కటియే ఈ వేడిమినంతటిని ఎట్లు భరింపగలదు? వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లోపలి షూలకు దూరమగును. షూలపైనున్న లైనింగు పట్టు కోల్పోవును. డిస్కు బ్రేకులలో మరియొక అపాయము కలదు. వాటిలో చేతి ఒత్తిడిని చక్రమునకు చేర్చునది బ్రేకు ఆయిలు. అది ఏండ్ల తరబడి మార్చబడక తేమను పీల్చుకొన్నచో తక్కువ వేడిమికే మరిగి ఆవిరి బుడగలు కట్టును. ద్రవము అణగదు, ఆవిరి అణగును. కావున లీవరు నొక్కినపుడు ఒత్తిడి బుడగలను అణచుటకే సరిపోయి చక్రమును చేరదు. లీవరు హ్యాండిలును తాకును గాని బండి ఆగదు.

ఇంజను బండిని ఎట్లు నిలుపును?

బండి గేరులో నున్నంతవరకు వెనుక చక్రము, చైను, గేరుపెట్టె, ఇంజను ఒకదానితో నొకటి ముడిపడియుండును. యాక్సిలరేటరును మూసినపుడు ఇంజను చక్రమును త్రిప్పుట మాని, చక్రమే ఇంజనును త్రిప్పవలసివచ్చును. గాలి ప్రవేశించు ద్వారము దాదాపు మూసికొనియుండుటచే పిస్టను గాలిని లాగికొనుటకు పెనగులాడును. ఈ పెనగులాట చక్రమును వెనుకకు పట్టి యుంచును. దీనినే ఇంజను బ్రేకింగు అందురు.

గేరు ఎంత తక్కువైనచో పట్టు అంత ఎక్కువ. చక్రము ఒక చుట్టు తిరుగులోపల, చివరి గేరులోకన్న మొదటి గేరులో ఇంజను సుమారు మూడింతలు తిరుగవలసియుండును. ఇంజనులో పుట్టిన వేడిమి దాని విశాలమైన దేహము మీదుగా గాలిలోనికి పోవును. గంటల తరబడి వేడిమిని ఓర్చుటకే ఇంజను నిర్మింపబడినది. బ్రేకు అందులకు నిర్మింపబడలేదు.

అయితే ఇంజను బ్రేకునకు తోడే గాని బదులు కాదు. వెంటనే ఆగవలసివచ్చినపుడు రెండు బ్రేకులను కలిపి వాడవలసినదే. ఇంజను చేయు మేలు ఏమనగా, అట్టి సమయమున బ్రేకులు చల్లగా, పని చేయుటకు సిద్ధముగా నుండునట్లు కాపాడుట.

ఏ గేరులో దిగవలెను?

ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనని పెద్దల సూత్రము. ఎక్కిన దారినే దిగువారికి ఇది సులభము. తిరుమలలో 1944లో ఏర్పడిన మొదటి ఘాటు రోడ్డు దిగుటకును, 1974లో ఏర్పడిన రెండవది ఎక్కుటకును వినియోగింపబడుచున్నవి. అట్టిచోట బండియే మనకు పరీక్ష. యాక్సిలరేటరు మూసి, బ్రేకు ముట్టకుండ క్షణకాలము చూడుడు. వేగము హెచ్చుచున్నచో ఇంకొక గేరు తగ్గింపవలెను. వేగము నిలకడగా నున్నచో గేరు సరిపోయినదని తెలిసికొనవలెను. ఉదకమండలము నుండి మసినగుడికి దిగు కల్లట్టి ఘాటు 36 మలుపులతో మిక్కిలి ఏటవాలుగా నుండును. అట్టి వాలులలో మొదటి గేరో, రెండవ గేరో తప్ప వేరు గతి లేదు.

గేరు తగ్గించు విధము

వాలు ఆరంభము కాకమునుపే గేరు తగ్గింపవలెను. ముందు యాక్సిలరేటరు మూసి, రెండు బ్రేకులతోను వేగము తగ్గించుడు. క్లచ్చి పట్టి ఒకే ఒక గేరు తగ్గించుడు. యాక్సిలరేటరును రవ్వంత ఇచ్చి, క్లచ్చిని మెల్లగా వదలుడు. రవ్వంత ఇచ్చుట ఎందుకనగా, ఇంజను వేగము చక్రపు వేగమునకు కుదిరినచో బండి కుదుపు లేకుండ సర్దుకొనును. ఇంకను తగ్గింపవలసియున్నచో ఇదే వరుసలో మరియొక గేరు తగ్గింపవచ్చును. కొన్ని బండ్లలో గేరు తగ్గించుటకు కాలితో క్రిందికి నొక్కవలెను, కొన్నిటిలో మడమతో నొక్కవలెను. కావున క్రొత్త బండిని, అరువు బండిని సమతలముపై నడిపి చూచికొనిన తరువాతనే కొండకు తీసికొనిపోవలెను.

అతివేగములో ఒక్కసారిగా రెండు మూడు గేర్లు తగ్గించి క్లచ్చి విడిచినచో వెనుక చక్రము జారును. ఇంజను పట్టు వెనుక చక్రము మీదనే యుండును గనుక తడి రోడ్డుపై ఈ అపాయము మరింత హెచ్చు. ఏ.బి.ఎస్. అమర్చిన బండి యైనను దీనిని నివారింపలేదు. ఆ సాధనము బ్రేకును అదుపు చేయును గాని ఇంజనును అదుపు చేయదు. అట్లే మలుపులో బండి ఒరిగియున్నపుడు గేరు మార్చరాదు. మలుపునకు ముందే మార్చవలెను.

గేరుతో దిగునపుడు వెనుకవారికి ఎర్రదీపము వెలుగదని గూడ మరువరాదు. వేగము తగ్గించునపుడు బ్రేకును కొంచెము తాకినచో దీపము వెలిగి వారికి హెచ్చరిక యగును.

పెట్రోలు కలిసివచ్చునా?

న్యూట్రలులో దిగినచో పెట్రోలు మిగులునను నమ్మకము వ్యాపించియున్నది. ఇంధనమును ఇంజెక్షను పద్ధతిని అందించు నేటి బండ్లలో ఇది తలక్రిందులు. బండి గేరులో నుండి యాక్సిలరేటరు మూసియున్నపుడు, ఇంజను తగిన వేగముతో తిరుగుచున్నంతవరకు, సాధారణముగా పెట్రోలు సరఫరా ఆగిపోవును. న్యూట్రలులో నున్నచో ఇంజను ఆరిపోకుండుటకై పెట్రోలు మండుచునే యుండును. పాత కార్బొరేటరు బండిలో కొన్ని చుక్కలు మిగిలినను, ఒక ప్రాణమునకు అవి ఈడు కావు. ఇంజనును పూర్తిగా ఆపి దిగుట ఇంకను ప్రమాదకరము. అనేకమైన పాత బండ్లలో దానితోపాటు ముందు దీపము కూడ ఆరిపోవును.

గేర్లు లేని బండ్లు

గేర్లులేని స్కూటర్లలో వేగము బాగుగ తగ్గినపుడు క్లచ్చి తనంత తానే విడిపోయి ఇంజను పట్టు తొలగిపోవును. వీటిని నడుపువారు మొదటినుండియు నెమ్మదిగా దిగవలెను. బ్రేకును అదేపనిగా పట్టియుంచక, రెండు బ్రేకులను కలిపి నొక్కి, వేగము తగ్గగానే వదలి, మరల నొక్కవలెను. నడుమ నడుమ ఆగి బ్రేకులకు విశ్రాంతి నీయవలెను. విద్యుత్తు బండ్లలో మోటారే బండిని నిలుపుచు బ్యాటరీకి విద్యుత్తును అందించు ఏర్పాటు పలుచోట్ల కలదు. కాని బ్యాటరీ నిండుగా నున్నపుడు ఈ పట్టు తగ్గవచ్చును. కొండపై పూర్తిగా ఛార్జి చేసికొని దిగువారు దీనిని గమనింపవలెను.

బ్రేకులు వేడెక్కిన గుర్తులు

కాలిన వాసన, చక్రమువద్ద పొగ, లీవరు మెత్తబడుట, పెడలు మామూలుకన్న లోతుకు పోవుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను మరియొక మలుపు వరకు పోదమని తలపరాదు. గేరు తగ్గించి, వెడల్పైన చోట రోడ్డు వారగా ఆపి, బ్రేకులు పూర్తిగా చల్లారువరకు నిలువవలెను. కాగిన డిస్కుపైగాని డ్రమ్ముపైగాని నీరు పోయరాదు. లోహము వంగిపోవచ్చును, పగులవచ్చును. వెనుక కూర్చున్నవారు వాసన వచ్చుచున్నదని చెప్పినచో ఆ మాటను పెడచెవిని పెట్టరాదు.

జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు

1. కొండకు పోవుటకు ముందు బ్రేకులు, బ్రేకు ఆయిలు, టైర్లు, చైను చూపించుకొనుడు.
2. వాలు మొదలగుటకు ముందే గేరు తగ్గించుడు.
3. న్యూట్రలులోగాని, ఇంజను ఆపిగాని, క్లచ్చి పట్టుకొనిగాని దిగకుడు.
4. ఒక్కొక్క గేరే తగ్గించుడు, మలుపులో మార్చకుడు.
5. ఇరుకు దారిలో ఎక్కుచున్న బండికి మొదట దారి ఇండు. అది చట్టము విధించిన నియమము.
6. నడుపువారు, వెనుక కూర్చున్నవారు ఇరువురును హెల్మెటు ధరించి పట్టీ బిగించుకొనుడు.
7. ప్రమాదమును చూచినచో 108కి గాని 112కి గాని ఫోను చేయుడు. సద్బుద్ధితో సాయపడువారికి 2019 సవరణ ద్వారా మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది.

కొండ ఎక్కునపుడు బండి మొరాయించి మనలను హెచ్చరించును. దిగునపుడు అది ఏమియు చెప్పక సుఖముగా సాగిపోవును. ఆ సుఖమే మోసము. కొండపైన గేరు తగ్గించుటకు పట్టునది ఒక్క క్షణము. ఆ క్షణమును వెచ్చించినవారు ఇంటికి క్షేమముగా చేరుదురు.