ఒకే బస్తీ, రెండు చదువులు

గిరిజనుల గురించైతే ఆంథ్రోపాలజీ, పట్నం గురించైతే సోషియాలజీ అని డిగ్రీ విద్యార్థులు చాలామంది ముందే గీత గీసేసుకుంటారు. హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీ చరిత్ర ఆ గీతను చెరిపేసి చాలా కాలమైంది. మధ్య భారతంలోని కమార్ తెగను అధ్యయనం చేసిన ఎస్‌.సి. దూబే ఇక్కడ సోషియాలజీ చెబుతూ, బృందంతో కలిసి శామీర్‌పేటను పరిశీలించారు. దాని ఫలితమే 1955 నాటి ‘ఇండియన్ విలేజ్‌’. రెండు శాఖలవాళ్లూ దాన్ని మా పుస్తకమే అంటారు. కాబట్టి ఎవరిని చదువుతామన్నది కాదు, ఎలాంటి ఆధారం కోసం వెతుకుతామన్నదే చూడాలి.

విజయ డెయిరీ ఉన్న లాలాపేట్‌నే తీసుకోండి. సోషియాలజీ పరిశోధకుడు ఇళ్ల జాబితా నుంచి శాంపిల్ తీసి, తండ్రి పనేమిటి, కొడుకు పనేమిటి, కులం, అద్దె ఎంత అని అడిగి, తార్నాకతోనో ఇంకో పేటతోనో పోలుస్తాడు. ఆంథ్రోపాలజీవాడు అదే గల్లీలో నెలల తరబడి ఉంటాడు. ‘ఎవరినీ అప్పు అడగం’ అని ఫారంలో రాయించిన ఇల్లాలే సాయంత్రం పక్కింట్లో చేబదులు అడగడం అతని కంట పడుతుంది. అది ఆ ఒక్క ఇంటి సంగతా, నగరమంతా అంతేనా అన్నది మాత్రం సర్వే లేకుండా అతను చెప్పలేడు.

సోషియాలజీవాళ్లూ ఊళ్లో ఉండి పనిచేస్తారు కదా అంటే, నిజమే, ఊళ్లో ఉండి పరిశీలించిన సోషియాలజిస్టు ఎం.ఎన్‌. శ్రీనివాస్‌ పేరొక్కటి చాలు. అయినా ఒక తేడా చెరగదు. మనిషి శరీరం, పరిణామం, జన్యువులు ఆంథ్రోపాలజీ సిలబస్‌లో భాగం. సివిల్స్ ఆప్షనల్‌లో ఆంథ్రోపాలజీ మొదటి పేపరు జన్యుశాస్త్రాన్ని అడిగితే, సోషియాలజీ మొదటి పేపరు మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌లను అడుగుతుంది. భారతీయుల పూర్వీకుల మిశ్రమంపై 2009లో వచ్చిన జన్యు పరిశోధనలో తార్నాక పక్కనే ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. అలాంటి పని నచ్చే బీఎస్సీ విద్యార్థికి ఆంథ్రోపాలజీ దగ్గరి దారి.

మరి ఉద్యోగాలు? పట్టా పేరుతో నేరుగా వచ్చే కొలువులు రెండింటికీ తక్కువే. ఆంథ్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గిరిజన పరిశోధన సంస్థలు ఒకవైపు, సర్వే సంస్థలు, ఎన్జీవోలు మరోవైపు. అధ్యాపకులు కావాలంటే నెట్‌ రెండు సబ్జెక్టుల్లోనూ ఉంది. ఉస్మానియాలో సోషియాలజీ పీజీకి ప్రవేశ పరీక్ష సీపీగెట్‌ రాయాలి. ఆంథ్రోపాలజీకైతే గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలోని ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. ఫీజు కట్టే ముందు సిలబస్‌లో ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలో, స్టాటిస్టిక్స్ పేపరు తప్పనిసరో కాదో చూసుకోండి.