పాత జీపు ఇంజను మౌంటింగు రబ్బర్లు: పరీక్ష, మార్పిడి

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన నాటి నుండి జీపు పల్లెలకు పరిచితమైన బండి. సామర్లకోట ప్రాంతపు కాలువ గట్లపై, సార్వా నాట్ల బురదలో, విల్లీస్ నమూనా పాత మహీంద్రా జీపు నేటికీ అక్కరకు వచ్చును. అయితే గతుకుల వలన, కారిన ఆయిలు వలన ఇంజనును మోయు రబ్బర్లు చెడును. ఉపేక్షించినచో ఇంజను కదలి, ఫ్యాను రెక్కలు రేడియేటరును కోయగలవు. విత్తనపు బస్తాలతో బండి గట్టు మీదనే నిలిచిపోవును.

పరీక్ష: క్లచ్చి వదలునపుడు ఇంజను గట్టిగా ఊగుట మొదటి గుర్తు. ఇంజను చల్లారిన పిదప ముందరి రెండు మౌంటింగులను, గేరుబాక్సు క్రింది దానిని తుడిచి చూడవలెను. రబ్బరు పగిలినను, ఇనుప పలక నుండి ఊడినను, ఆయిలుకు ఉబ్బి మెత్తబడినను మార్చవలెను. బోల్టు మాత్రమే వదులైనచో బిగించిన చాలును. ఒక సిలిండరు సరిగా మండకున్నను ఇంజను అదరును. కావున ప్లగ్గులను కూడ చూచిన తరువాతనే డబ్బు ఖర్చు చేయవలెను.

మార్పిడి:

1. బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, బ్యాటరీ తీగ తీయవలెను.

2. సంపు క్రింద వెడల్పాటి చెక్క ఉంచి, రబ్బరు బయటికి వచ్చునంత మాత్రమే జాకీతో ఇంజనును ఎత్తవలెను. ఫ్యాను, నీటి గొట్టములు, పొగ గొట్టము ఎక్కడను ఒత్తుకొనకుండ చూడవలెను. ఎత్తిన ఇంజను క్రింద తల గాని చేయి గాని పెట్టరాదు.

3. ఒక్కొక్క వైపే విప్పి కొత్తది అమర్చవలెను. ముందరి రెండింటిని జతగా మార్చుట మేలు.

4. బోల్టులను వదులుగా ఎక్కించి, ఇంజనును దించి, బరువు రబ్బర్లపై పడిన పిదప బిగించవలెను.

ఆయిలు కారుటను కూడ ఆపవలెను. లేనిచో కొత్త రబ్బర్లకు పాతవాటి గతియే పట్టును. కొన్ని దినములు నడిపిన పిదప బోల్టులను మరల ఒకసారి బిగించి చూచుకొనవలెను.